మూడు గోల్స్ తిన్నాక కూడా మళ్లీ వెళ్తారా టీచరమ్మా?

(పోయిన సంచికలో ఎవరికో జవాబిస్తూ, గచ్చిబౌలిలో భారత్-సిరియా ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లి 0-3తో ఓడి వచ్చామని ఒక్క వాక్యం రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం దాని మీదే. మోకాళ్ల నొప్పులకు ఏ వ్యాయామం మంచిదని అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి. ముప్పై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరైన మనిషి దగ్గర ఫుట్‌బాల్ మాటెత్తితే ఇలాగే ఉంటుంది.)

ప్రశ్న: టీచరమ్మా, ముసలీ ముతకా పిల్లాజెల్లా కలిసి రాత్రిపూట అంతదూరం వెళ్లి, ఓటమి చూసి వచ్చారు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదా? ఆ రోజు ఏం జరిగిందో కాస్త వివరంగా రాయండి.
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: అనకపోవడమేం, తిరుగు ప్రయాణమంతా అదే పని.

2024 సెప్టెంబరు 9, సోమవారం. శనివారమే వినాయక చవితి అయింది. వీధి వీధికీ మండపం, మండపానికో మైకు. తార్నాకలో నేనూ మావారూ మనవడూ మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగాం. మా అమ్మాయి, అల్లుడు మాదాపూర్ ఆఫీసు నుంచి నేరుగా స్టేడియానికి వస్తామన్నారు. మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో ఆట అంటే క్రికెట్, మిగతావన్నీ వ్యాయామం. "రెండు గంటల్లో అయిపోతుందిగా, పద" అని వచ్చారే తప్ప ఇష్టంతో కాదు. మనవడికి ఎనిమిదేళ్లు. బుగ్గల మీద మూడు రంగులు నేనే వేశాను, వాడి స్కూల్ పోస్టర్ కలర్స్‌తోనే. హాఫ్ టైమ్‌కల్లా ఆకుపచ్చ రంగు చెమటకి కారి చొక్కా కాలరు మీదకి దిగింది. వాళ్లమ్మకి మ్యాచ్ ఓడినదాని కంటే ఆ మరకదే ఎక్కువ బాధ.

ఏడున్నరకి ఆట మొదలు. జనగణమన పాడుతున్నప్పుడు ఒళ్లు జలదరించిందని మావారే ఒప్పుకున్నారు. అంతా కూర్చుని, మనవాళ్లు ఏ వైపు నుంచి ఏ వైపుకి ఆడుతున్నారో మావారికి చెప్పేలోపే, ఏడో నిమిషంలో సిరియా గోల్ కొట్టేసింది. కొట్టినవాడు మహమూద్ అల్ అస్వద్. అమ్మాయి, అల్లుడు అప్పుడే గేటు దాటి మెట్లెక్కుతున్నారట. జనం ఒక్కసారిగా నోరు మూసుకోవడంతో "అయిపోయిందా అప్పుడే?" అనుకుంటూ వచ్చి కూర్చున్నారు.

తర్వాత దాదాపు డెబ్బై నిమిషాలు అదే స్కోరు. అసలు ఆ రాత్రి మొత్తంలో నాకు గుర్తుండిపోయింది ఆ డెబ్బై నిమిషాలే. టీవీలో అయితే 0-1 అని మూలన కనిపిస్తుంటే మనం వెళ్లి అన్నం పెట్టుకొస్తాం. అక్కడ అలా కాదు. బంతి మనవాళ్ల కాళ్ల దగ్గరికి వచ్చిన ప్రతిసారీ గ్యాలరీ మొత్తం అరంగుళం లేస్తుంది. పాస్ తప్పిపోగానే మళ్లీ కూలబడుతుంది. మా వెనక వరసలో నలుగురు కుర్రాళ్లు డప్పు తెచ్చుకున్నారు. కార్నర్ వస్తే చాలు, చెవులు చిల్లులు పడేలా వాయించేవాళ్లు. మావారు మొదట చెవులు మూసుకున్నారు, సెకండాఫ్‌లో ఆయన చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. నేను గమనించనట్టు ఊరుకున్నాను.

76వ నిమిషంలో రెండోది పడింది, దలేహో ఇరందుస్త్. ఆ సమయానికి మా అల్లుడు సమోసాల కోసం వెళ్లాడు. జనవరిలో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లోనూ ఇదే సిరియా మనమీద గోల్ కొట్టింది సరిగ్గా 76వ నిమిషంలోనే. ఆ రోజు ఒమర్ ఖ్రిబిన్ కొట్టాడు, 0-1తో ఓడాం. నాకు ఈ నిమిషాలు గుర్తుపెట్టుకునే పిచ్చి ఉంది. పైకి అనేశాను. "ఇవన్నీ గుర్తుంటాయి గానీ గ్యాస్ బుక్ చేయమంటే గుర్తుండదు" అని మావారు.

అక్కడి నుంచి ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. లేచి వెళ్దామనేవాళ్లు ఒక వైపు: మావారు, అమ్మాయి. రెండోవైపు నేనూ మనవడూ. అల్లుడు సమోసాలతో మధ్యలో నిలబడ్డాడు, "అత్తయ్య ఎలా అంటే అలా" అని. గ్యాలరీలో అప్పటికే జనం బిలబిలమంటూ దిగిపోతున్నారు. నేను కదల్లేదు. ఇంజురీ టైమ్ ఆరో నిమిషంలో పాబ్లో సబ్బాగ్ మూడోది కొట్టాడు. మావారు నా వైపు తిరిగి, "చూశావా, నా మాట విని ముందే లేచి ఉంటే రెండుతో పోయేది" అన్నారు. ఈ మాట ఇప్పుడు మా ఇంట్లో సామెత అయిపోయింది. పాలు పొంగిపోయినా, కరెంటు పోయినా అదే.

మనవడు మాత్రం ఏడ్చాడు. గట్టిగా కాదు, పెదవి బిగబట్టి. "నిన్న గణపతికి ఉండ్రాళ్లు పెట్టి మొక్కుకున్నాను కదా అమ్మమ్మా" అన్నాడు. దేవుడి సంగతి తర్వాత చూద్దాంలే గానీ ముందు సమోసా తిను అన్నాను. తిన్నాడు.

ప్రశ్న: ఆ మ్యాచ్ నాటి ఫిఫా ర్యాంకుల్లో సిరియా 93, మనం 124. మారిషస్ 179. ఆ మారిషస్ మీదే గెలవలేనివాళ్లం సిరియా మీద గెలుస్తామా? ఓడిపోతామని ముందే తెలిసీ ఎందుకు వెళ్లినట్టు?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: లెక్కలు బాగానే వేశావు నాన్నా. ఇంకొంచెం వేద్దాం. అది మూడు జట్ల ఇంటర్‌కాంటినెంటల్ కప్. సెప్టెంబరు 3న మారిషస్‌తో మనకి 0-0. ఆ తర్వాత సిరియా మారిషస్‌ని 2-0తో కొట్టింది. అంటే చివరి మ్యాచ్‌కి వచ్చేసరికి సిరియాకి మూడు పాయింట్లు, మనకి ఒకటి. డ్రా చేసుకుంటే కప్పు వాళ్లదే. 2023లో భువనేశ్వర్‌లో లెబనాన్‌ని 2-0తో ఓడించి ఈ కప్పు గెలిచింది మనమే. దాన్ని నిలబెట్టుకోవాలంటే గెలిచి తీరాలి. ఏడో నిమిషంలోనే గోల్ తిన్నాక రెండు కొట్టాలి. రెండు కొట్టాల్సిన జట్టు డిఫెండర్లని కూడా ముందుకి పంపుతుంది, వెనక ఖాళీ వదులుతుంది. ఆట చివర్లో పడ్డ గోల్స్‌కి నేను ఆటగాళ్లని పెద్దగా తప్పుపట్టను. 0-1తో గౌరవంగా ఓడటం కంటే గెలవాలని చూసి 0-3 తినడమే నాకు నచ్చుతుంది. మొదటి గోల్‌కి మాత్రం తిడతాను. ఏడో నిమిషంలో ఏం తొందర?

ఇక సిరియా సంగతి. 2007లోనూ 2009లోనూ ఢిల్లీలో నెహ్రూ కప్ ఫైనల్లో మనం ఓడించింది వీళ్లనే. 2007లో ఎన్.పి. ప్రదీప్ గోల్‌తో 1-0. 2009లో పెనాల్టీ షూటౌట్, గోల్‌కీపర్ సుబ్రతా పాల్ పుణ్యం. తర్వాత వాళ్ల దేశం యుద్ధంలో పడింది. సొంతగడ్డ మీద మ్యాచ్‌లు పెట్టుకునే వీల్లేక, 2018 ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ పోటీల్లో వాళ్ల "హోమ్" మ్యాచ్‌లు ఒమన్‌లో, మలేసియాలో ఆడారు. అలా పరాయి ఊళ్లో ఆడుతూనే ఆస్ట్రేలియాతో ఆసియా ప్లేఆఫ్ దాకా వెళ్లారు. సిడ్నీలో ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-1తో ఓడారు. ఆఖరి క్షణాల్లో వాళ్ల ఫ్రీకిక్ గోల్‌పోస్టుకి తగిలి బయటికి పోయింది. అదొక్కటి లోపలికి పోయి ఉంటే, పరాయి గడ్డ మీద కొట్టిన గోల్స్ లెక్కతో ఆస్ట్రేలియా ఇంటిదారి పట్టేది.

ఆ రాత్రి మనకి ఇల్లుంది, స్టేడియముంది, డప్పు కొట్టే కుర్రాళ్లున్నారు, అయినా ఒక్క గోల్ కొట్టలేకపోయాం. ఈ మాట ఆ రోజు మెట్లు దిగుతూ అల్లుడితో అన్నాను. "ఇప్పుడు వాళ్లని మెచ్చుకోవడం అవసరమా అత్తయ్యా" అన్నాడు పాపం. అవసరమే. ఎవరి చేతిలో ఓడామో తెలియకపోతే ఎందుకు ఓడామో ఎలా తెలుస్తుంది?

ఎందుకు వెళ్లామంటావా, మన ఊరికి భారత జట్టు వస్తే ర్యాంకు చూసి వెళ్తామా ఏమిటి.

ప్రశ్న: మీ వారికి ఆఫ్‌సైడ్ అర్థమైందా?
– ఒక కొంటె పాఠకుడు, నెల్లూరు

జవాబు: పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టాను చెప్పడం. మొన్న హాఫ్ టైమ్‌లో మళ్లీ చెప్పాను. పెళ్లి భోజనాల దగ్గర మొదటి బంతి లేవకముందే వెళ్లి ఎవరి కుర్చీ వెనకో నిలబడి కాచుకుంటారు చూడండి, అలా పాస్ రాకముందే డిఫెండర్లని దాటిపోయి గోల్ దగ్గర కాచుకోకూడదు, అదీ రూలు అన్నాను. "మరి మీ అన్నయ్య ప్రతి పెళ్లిలో చేసేది అదేగా" అన్నారు. అర్థమైనట్టే.

ప్రశ్న: అప్పటి భారత కోచ్ మనోలో మార్క్వెజ్ మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిన మనిషి. అదే ఊళ్లో భారత జట్టుతో ఇలా ఓడితే ఆయన్ని తిట్టాలో వద్దో తెలియక గ్యాలరీలో నోరు కట్టేసుకుని కూర్చున్నాను. మీరేం చేశారు?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

జవాబు: నేనూ నీలాగే. కాకపోతే నాది నోరు కట్టేసుకునే బాపతు కాదు కాబట్టి, రిఫరీని తిట్టి సరిపెట్టుకున్నాను.

ఆ కప్పు కథ ఇప్పటికీ నాకు పూర్తిగా తీపి కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. ఆ నవంబరులో గచ్చిబౌలిలో మొదటి హోమ్ మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో కొట్టాం. కోవిడ్ వచ్చింది, లీగ్ మొత్తం గోవాకి పోయింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో అదే కేరళతో ఫైనల్, 1-1 అయ్యాక షూటౌట్. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, 3-1తో కప్పు మనది. ఆ సీజన్‌లో మన స్ట్రైకర్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. అన్నీ బాగానే ఉన్నాయి, కానీ ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో జరగలేదు. ఊరి జట్టు ఛాంపియన్ అయిన ఏడాది ఊరి గ్రౌండ్‌కి తాళం. మనలాంటివాళ్లు ఆ గోల్స్ అన్నీ సోఫాలో కూర్చుని చూశాం. మళ్లీ గ్యాలరీలో కూర్చునే భాగ్యం కలిగాక ఒక సీజన్ బాగానే సాగింది. 2023-24లో జీతాల గొడవలు, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం. చివరికి 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. గచ్చిబౌలిలో ఓటమి చూడటం మనకి కొత్తేం కాదు బాబూ, అందులో బాగా ఆరితేరాం.

మనోలో విషయానికొస్తే, 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0 ఆడి సునీల్ ఛెత్రి రిటైరయ్యాడు. అదే నెలలో ఖతర్ చేతిలో 1-2తో ఓడాక పాత కోచ్ స్టిమాచ్‌ని తీసేశారు. జులైలో మనోలోని పెట్టారు. ఆయనకి ఇవి మొదటి రెండు మ్యాచ్‌లు. గోల్స్ కొట్టే పెద్దకొడుకు వెళ్లిపోయిన ఇంటికి కొత్త పెద్దని తెచ్చి, మర్నాడే పెళ్లి చేసి చూపించమంటే ఎలా? ఆ మేరకు ఆయన వైపే నేను. ఒక్క విషయంలో మాత్రం కాదు. 2024-25 సీజన్‌లో ఎఫ్‌సీ గోవాకి కూడా ఆయనే కోచ్. రెండు పడవల మీద కాళ్లు. దేశం జట్టంటే తీరిక దొరికినప్పుడు చూసుకునే పనా? ఈ తప్పు ఆయనది కాదు, అలా ఒప్పందం రాసుకున్నవాళ్లది.

ప్రశ్న: అమ్మా, నేను సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగాను. మా చిన్నప్పుడు భారత జట్టంటే సగం హైదరాబాదే అనేవారు. ఇప్పుడు ఆ జట్టు మన ఊరొచ్చి ఆడితే అందులో మనవాడు ఒక్కడూ కనబడడు. ఎందుకిలా అయింది?
– ఒక రిటైర్డ్ గుమాస్తా, బొల్లారం

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టుకున్నానండీ. ఎందుకంటే హాఫ్ టైమ్‌లో మా మనవడు కూడా ఇదే అడిగాడు. "మనవాళ్లలో హైదరాబాద్ ప్లేయర్ ఎవరు అమ్మమ్మా? వాణ్ని చూస్తాను" అని. ఎవరూ లేరు అన్నాను. 0-3 కంటే ఆ జవాబు చెప్పడమే నాకు కష్టమైంది.

మా నాన్నగారు రైల్వేలో చేసేవారు, మా ఇల్లు లాలాగూడ క్వార్టర్స్‌లో. ఆయన ఫతే మైదాన్ అనేవారే గానీ లాల్ బహదూర్ స్టేడియం అని చచ్చినా అనేవారు కాదు. ఆయన నోట నేను విన్న పేర్లలో ఎక్కువసార్లు విన్నది బలరాం. తులసీదాస్ బలరాం అమ్ముగూడ కుర్రాడు, మనకి నడిచి వెళ్లేంత దూరం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కి, 1960 రోమ్ ఒలింపిక్స్‌కి ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయారు. మన పేపర్లలో లోపలి పేజీలో చిన్న వార్త వచ్చింది.

ఆ మెల్బోర్న్ జట్టులో బలరాంతో పాటు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ అంతా మన ఊరివాళ్లే. నాలుగో స్థానంలో నిలిచారు. ఆస్ట్రేలియాని వాళ్ల ఊళ్లోనే 4-2తో కొట్టారు, సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో ఓడారు. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడింది ఎంత తేడాతోనో తెలుసా? 0-3. మొన్నటి స్కోరే. మా నాన్నగారికి ఆ మ్యాచ్ గురించి అడిగితే కోపమొచ్చేది, సెమీస్ దాకానే చెప్పి ఆపేసేవారు.

వీళ్లందరినీ తయారుచేసిన కోచ్ ఎస్.ఎ. రహీం కూడా నాలాగా స్కూలు టీచరే. అందుకే ఆయన పేరు చెబితే నాకు కాస్త గర్వం, కాస్త సిగ్గు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి భారత్‌కి బంగారం తెచ్చినప్పుడు ఆయనకి క్యాన్సర్. మరుసటి ఏడాదే పోయారు. ఆయన తర్వాతా కొన్నాళ్లు నడిచింది: నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ. అయితే వీళ్ల పేరు మోగింది కోల్‌కతా మైదానాల్లో. డబ్బూ జనమూ అక్కడ ఉండేవి కాబట్టి వెళ్లారు, తప్పేం లేదు. ఇక్కడ జట్లు బతికింది పోలీసు, రైల్వే లాంటి డిపార్ట్‌మెంట్ల మీద. ఫుట్‌బాల్ ఆడితే ఉద్యోగం వస్తుందన్నది నిజమైనంత కాలం గల్లీ గల్లీలో బంతి ఎగిరింది. ఆ ఉద్యోగాలు తగ్గాయి, బంతీ తగ్గింది. ఈలోగా క్రికెట్ ఇంటింటికీ టీవీలో వచ్చేసింది.

నేను చూసింది కూడా చెబుతాను. నేను పనిచేసిన ఒక హైస్కూల్లో చేరేనాటికి పెద్ద గ్రౌండ్. నేను బదిలీ అయ్యేసరికి అందులో ఒక మూల అదనపు గదులు, ఇంకో మూల నీళ్ల ట్యాంకు, మధ్యలో సిమెంటు అసెంబ్లీ స్టేజీ. ఒక్కోటీ అవసరమే, ఎవరినీ కాదనలేం. కానీ గోల్‌పోస్టులు పాతే చోటు లేక రెండు ఇటుకలు పెట్టి ఆడించేదాన్ని. గేమ్స్ పీరియడ్‌ని లెక్కల టీచర్ అప్పు తీసుకునేది, ఆ అప్పు ఏనాడూ తీరేది కాదు. ఆడపిల్లలు ఏడో తరగతి దాకా మగపిల్లలతో సమానంగా పరిగెత్తేవాళ్లు, ఎనిమిదిలోకి రాగానే ఇంట్లోవాళ్లు ఆపేసేవాళ్లు. అందులో ఒకమ్మాయి ఎడమకాలితో తన్నితే బంతి గోడ దాటి పోయేది. ఇప్పుడు ఎక్కడుందో.

రహీం లాంటి కోచ్ మళ్లీ పుట్టాలని అంటుంటారు కొందరు. అక్కర్లేదండీ. మంచి కోచ్‌లు ఇప్పుడూ ఉన్నారు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తాళం వేయని గ్రౌండ్లు కావాలి, అంతే.

ప్రశ్న: మా పాపకి ఏడేళ్లు. ఎప్పుడైనా మొదటిసారి స్టేడియంలో మ్యాచ్‌కి తీసుకెళ్దామని ఉంది. మనవాళ్లు ఓడిపోతే బెంగపెట్టుకుంటుందేమోనని భయం. ఎలా తీసుకెళ్లాలో, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పండి.
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: మొదటి మ్యాచ్ గెలవాలని ఏమీ లేదు. మా అమ్మాయికి నేను చూపించిన పెద్ద మ్యాచ్ 2003లో హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ క్రీడల ఫైనల్. ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-1. ఆ రోజు అలిగి అన్నం తినలేదు. ఇప్పుడు సెలవు దొరక్కపోయినా ఆఫీసు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. కొంపేమీ మునగలేదు.

సీటు ఎంచుకోవడంలో జాగ్రత్త. గచ్చిబౌలి లాంటిది అథ్లెటిక్స్ స్టేడియం, గ్యాలరీకీ పచ్చికకీ మధ్యన రన్నింగ్ ట్రాక్ ఉంటుంది. కింది వరసలో కూర్చుంటే దగ్గరగా కనిపిస్తుందనుకుంటాం, నిజానికి అవతలి వైపు ఆట అంతా ఒకే గీతలా కనిపిస్తుంది. పై వరసలకి వెళ్లండి. అక్కడి నుంచి చూస్తే ఎవరు ఎక్కడ ఖాళీ వదిలారో పిల్లలకి కూడా తెలుస్తుంది. బంతి వెంట కళ్లు పరిగెత్తించి పిల్లలు తొందరగా అలిసిపోతారు. ఒక ఆటగాణ్ని ఎంచుకుని, అతని దగ్గర బంతి లేనప్పుడు ఏం చేస్తున్నాడో చూడమనండి. మా వాడికి గోల్‌కీపర్ గుర్‌ప్రీత్‌ని ఇచ్చాను. ఆట అవతలి సగంలో ఉంటే గోల్ వదిలి అంత ముందుకి ఎందుకొస్తున్నాడు, మాట్లాడకుండా ఆ చేతులు ఊపడమేమిటి అని ఒకటే ప్రశ్నలు. రెండో గోల్ దాకా వాడికి బోరు అనే మాటే రాలేదు.

బూతులు వినిపిస్తాయి. చెవులు మూయలేరు. "వాళ్లకి బాధ ఎక్కువై అలా అంటున్నారు, మనం అనక్కర్లేదు" అని చెప్పండి, చాలు. మేము అంతే చెప్పాం. కారెక్కాక వాడు ఒక మాట అర్థం అడిగాడు, అల్లుడు రేడియో సౌండ్ పెంచాడు.

ఇక అసలు విషయం. ఓడిపోతున్నప్పుడు పాప ఆటని కాదు, మిమ్మల్ని చూస్తుంది. మీరు ఫోన్ తీస్తే, "వీళ్లింతే, దండగ మనుషులు" అంటే, ఆ మాట పట్టుకుంటుంది. మా వెనక డప్పు కుర్రాళ్లు 0-2 అయ్యాక కూడా ఒక కార్నర్‌కి మళ్లీ మొదలుపెట్టారు. నీరసంగా, తాళం తప్పుతూ. మనవడు వెనక్కి తిరిగి, కుర్చీలో మోకాళ్ల మీద కూర్చుని, వాళ్లనే చూస్తూ ఉండిపోయాడు. వాళ్లలో ఒకడు కర్ర వాడి చేతికిచ్చి నాలుగు దెబ్బలు వేయనిచ్చాడు. మూడో గోల్ పడ్డప్పుడు వాడు గ్రౌండ్ వైపు చూడటమే లేదు, డప్పు దగ్గర ఉన్నాడు. చివరి విజిల్ దాకా ఉండాలా అని కదూ మీరు అడగబోయేది? ఉండండి. పాప నిద్రపోతే తప్ప.

ఇంటి నుంచి తిండి లోపలికి రానివ్వరు, వెళ్లేముందే కడుపునిండా పెట్టండి. మరుగుదొడ్డికి హాఫ్ టైమ్‌లో కాదు, నలభయ్యో నిమిషంలో వెళ్లండి. ఆ ఐదు నిమిషాల్లో గోల్ పడితే నన్ను తిట్టుకోవద్దు.

ప్రశ్న: మీ మనవడు ఇప్పుడు ఏ జట్టు అభిమాని?
– ఒక పదో తరగతి విద్యార్థిని, ఖమ్మం

జవాబు: బడిలో ఎవరైనా అడిగితే ఇండియా అంటాడు. నిన్న రాత్రి పడుకోబోతూ గుసగుసగా నన్ను అడిగింది మాత్రం సిరియా జెర్సీ హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందని. నాకు తెలియదమ్మా. నీకు తెలిస్తే రాయి, కానీ కార్డు మీద కాదు, కవరులో పెట్టి పంపు. ఉత్తరాలు ముందు మా అల్లుడి చేతిలో పడతాయి.